ఎఫ్11ఆ, రీసెట్టా, పెన్‌డ్రైవా: ల్యాప్‌టాప్ లేవనప్పుడు ఏది మేలు?

కొన్నాళ్లుగా నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటే, మాటలే మారుతున్నాయి. "అన్నా, ఆన్ చేస్తూ ఎఫ్11 ఎంత కొట్టినా రికవరీ రావట్లేదు, ఏం చేయాలి?" అడిగేది ఎక్కువగా బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉండే మన పిల్లలు. కోర్సు మధ్యలోనో, ఇంటర్వ్యూ ముందురోజో మెషిన్ మొండికేస్తుంది. ఎస్పీ రోడ్డు కంప్యూటర్ షాపులకి పట్టుకెళ్తే "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అంటారు. అంతదూరం పోకముందే మన చేతిలో మూడు దారులున్నాయి. ఒకటి, ల్యాప్‌టాప్ కంపెనీ పెట్టిన ఫ్యాక్టరీ రికవరీ. రెండు, విండోస్‌తోనే వచ్చే రికవరీ. మూడు, పెన్‌డ్రైవ్.

మొదట అందరూ అడిగే ఫ్యాక్టరీ రికవరీ సంగతి. దీని మీట కంపెనీకొకటి. హెచ్‌పీలో ఎఫ్11, ఏసర్‌లో ఆల్ట్ పట్టుకుని ఎఫ్10, పాత ఆసుస్‌లలో ఎఫ్9. డెల్‌లో ఎఫ్12 మెనూలో సపోర్ట్‌అసిస్ట్ ఓఎస్ రికవరీ అని ఉంటుంది. లెనోవోలో చాలా మోడళ్లకి పక్కన సూది పట్టేంత కన్నంలో నోవో బటన్ ఉంటుంది, ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉన్నప్పుడు పిన్నుతో నొక్కాలి. సరైన మీటే నొక్కుతున్నా రాకపోతే ముందు చిన్న కారణాలు చూడండి. బ్లూటూత్ కీబోర్డు ఆ దశలో సాధారణంగా పనిచేయదు, ల్యాప్‌టాప్ సొంత కీబోర్డే వాడాలి. కొన్నింటిలో ఎఫ్ మీటలకి వాల్యూమ్, బ్రైట్‌నెస్ పనులు ఉంటాయి, అందుకని ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కి చూడండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేసేకంటే రీస్టార్ట్ కొట్టి మీట నొక్కడం మంచిది, ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ పూర్తిగా షట్‌డౌన్ కాదు. ఏసర్ వాళ్లు బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్‌లోకి) వెళ్లి డీ2డీ రికవరీ అనేది ఎనేబుల్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

ఇవన్నీ చేసినా రాలేదంటే అసలు కారణం వేరే ఉండొచ్చు. ఆ ల్యాప్‌టాప్‌లో పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించారా? కంపెనీల నుంచి బయటికొచ్చిన సెకండ్ హ్యాండ్ మెషిన్ కొన్నారా? ఫ్యాక్టరీ రికవరీ ఉండేది డిస్క్‌లోని ఒక పార్టిషన్‌లో, అంటే విడిగా కేటాయించిన భాగంలో. డిస్క్ మారితే అదీ పోయినట్టే, విండోస్ కొత్తగా వేసేటప్పుడు పార్టిషన్లన్నీ తుడిచేసినా అంతే. లేనిదాని కోసం ఎఫ్11 ఎన్నిసార్లు కొట్టినా రాదు.

ఉన్నవాళ్లకి మాత్రం ఇది సుఖమైన దారి. టచ్‌ప్యాడ్, వైఫై, సౌండ్ డ్రైవర్లతో సహా అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. కాకపోతే కొన్ననాటి స్థితికే తీసుకెళ్తుంది. 2019లో విండోస్ 10తో కొన్న ల్యాప్‌టాప్ మళ్లీ ఆనాటి విండోస్ 10కే వెళ్తుంది. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంటే రికవరీ అయ్యాక పాత అప్‌డేట్లకీ, కుదిరితే విండోస్ 11కి మారడానికీ మళ్లీ ఒక పూట కూర్చోవాలి. ట్రయల్ యాంటీవైరస్ కూడా తిరిగొస్తుంది, అది బోనస్!

రెండోది విండోస్ రికవరీ. దీనికి ప్రత్యేకమైన మీట అక్కర్లేదు. లాగిన్ స్క్రీన్ దాకా వస్తుంటే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. అక్కడిదాకా కూడా రాకపోతే, లోగో కనపడగానే పవర్ బటన్ గట్టిగా పట్టుకుని ఆఫ్ చేయండి. అలా వరసగా రెండుసార్లు చేస్తే మూడోసారి విండోస్ తనే అనుమానపడి రిపేర్ స్క్రీన్ తెస్తుంది. అందులో ట్రబుల్‌షూట్ కింద చాలా ఉంటాయి. వెంటనే రీసెట్ (విండోస్‌ని మళ్లీ కొత్తగా వేసుకోవడం) మీద పడకండి. నిన్న రాత్రి అప్‌డేట్ అయి పొద్దున్న లేవలేదంటే ముందు అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ప్రయత్నించండి, తర్వాత స్టార్టప్ రిపేర్, ఆ తర్వాత సేఫ్ మోడ్ (అవసరమైనవాటితోనే విండోస్ లేచే పద్ధతి). రీసెట్ ఆఖర్న. అందులో కీప్ మై ఫైల్స్ ఎంచుకుంటే మీ ఫైళ్లు ఉంటాయి కానీ వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. ఆ సంగతి తెలియక ట్యాలీ పోయిందని, వీఎస్ కోడ్ పోయిందని తర్వాత బాధపడేవాళ్లు చాలామంది.

రీసెట్‌లోనే క్లౌడ్ డౌన్‌లోడ్, లోకల్ రీఇన్‌స్టాల్ అని రెండుంటాయి. డిస్క్‌లోని విండోస్ ఫైళ్లే పాడైతే క్లౌడ్ మేలు, నాలుగు జీబీ పైగా డేటా అవుతుంది. పీజీ వైఫైతో ఒక చిక్కుంది. బ్రౌజర్‌లో లాగిన్ పేజీ వచ్చి, నంబరూ ఓటీపీ కొట్టాల్సిన వైఫై అయితే బ్రౌజర్ లేని ఆ నీలం తెరలో ముందుకు సాగదు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోండి.

ఈ రెండు దారులకీ ఒకే లోపం ఉంది, నా మటుకు తేల్చేది అదే. రెండూ ఉండేది పాడైన ఆ డిస్క్ మీదే. ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకోవడం లాంటిది ఇది. సాఫ్ట్‌వేర్ తేడా అయితే పనిచేస్తాయి, డిస్కే తేడా చేస్తే రెండూ ఒక్కసారే మాయం. డిస్క్ బాగున్నా సమస్య రావచ్చు. 2025 అక్టోబర్‌లో విండోస్ 11కి వచ్చిన ఒక అప్‌డేట్ దెబ్బకి రికవరీ స్క్రీన్‌లో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయకుండా పోయాయి. తెర ఎదురుగా ఉంటుంది, దేన్నీ నొక్కలేం. మైక్రోసాఫ్ట్ అదే నెల 20న విడిగా ఇంకో అప్‌డేట్ వదిలి సరిచేసింది. సరిచేసే అప్‌డేట్ ఎక్కాలన్నా విండోస్ లేవాలి కదా!

అందుకే నా ఓటు పెన్‌డ్రైవ్‌కి. డిస్క్‌తో దానికి పనిలేదు. ఎనిమిది జీబీది చాలు. మైక్రోసాఫ్ట్ సైట్‌లో మీడియా క్రియేషన్ టూల్ ఉచితంగా దొరుకుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ తుడిచేస్తుంది కాబట్టి పెళ్లి ఫొటోలున్నది ఇవ్వకండి. మెషిన్ బాగున్న రోజే చేసి పెట్టుకోవాలి, లేదా రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో చేయాలి. చాలామంది గమనించని సంగతేంటంటే, ఇది విండోస్ వేయడానికే కాదు. దాన్నుంచి బూట్ చేసి (ల్యాప్‌టాప్‌ని డిస్క్ నుంచి కాక పెన్‌డ్రైవ్ నుంచే లేపి) రిపేర్ ఎంచుకుంటే స్టార్టప్ రిపేర్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, కమాండ్ ప్రాంప్ట్ అన్నీ వస్తాయి. ఫైళ్లు ఉంచే రీసెట్ మాత్రం ఇక్కడ దొరకదు. దానికి మందు ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో నోట్‌ప్యాడ్ అని ఇంగ్లీషులో కొట్టండి. నోట్‌ప్యాడ్ తెరుచుకున్నాక ఫైల్, ఓపెన్ నొక్కి, కింద ఆల్ ఫైల్స్ పెడితే డిస్కులన్నీ కనపడతాయి. కావాల్సిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో పేస్ట్. డేటా బయటపడ్డాక నిశ్చింతగా ఫార్మాట్ చేసుకోవచ్చు.

"పెన్‌డ్రైవ్ నుంచి వేస్తే ఒరిజినల్ విండోస్ పోతుందేమో" అన్న భయం చాలామందికి ఉంది. విండోస్ 8 కాలం నుంచి విండోస్‌తో అమ్మే ల్యాప్‌టాప్‌లలో కీ మదర్‌బోర్డులోనే ఉంటోంది. హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో, అదే రకం వేస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఆఫీస్‌ని మొదట్లో ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో యాక్టివేట్ చేశారో దానితోనే మళ్లీ తెచ్చుకోవచ్చు.

దీనికీ చిక్కులున్నాయి. ఇంటెల్ పదకొండో తరం నుంచి కొన్ని ల్యాప్‌టాప్‌లలో, ఇన్‌స్టాల్ మొదలుపెడితే ఎస్‌ఎస్‌డీయే కనపడదు. డిస్క్ పోయిందని కంగారు పడకండి, టెన్షన్‌లో షాపుకి పరిగెత్తి కొత్తది కొనకండి. అది వీఎండీ అనే ఇంటెల్ స్టోరేజ్ సెట్టింగ్ వల్ల. కంపెనీ సైట్‌లో ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ తీసుకుని, విప్పి, అదే పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టి, లోడ్ డ్రైవర్ నొక్కితే డిస్క్ ప్రత్యక్షం. వైఫై డ్రైవర్ రాకపోతే ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి. ఈ గొడవంతా ఎందుకంటారా, డెల్, హెచ్‌పీ, లెనోవోలు మీ మోడల్‌కి సరిపోయే ఫ్యాక్టరీ రికవరీని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే టూల్స్ ఇస్తున్నాయి. సర్వీస్ ట్యాగో సీరియల్ నంబరో అడుగుతాయి. మీ మోడల్‌కి ఉంటే దాన్నే ముందు చూడండి, పెద్ద పెన్‌డ్రైవ్ కావాలి.

ఏ దారిలో వెళ్లినా ఫైళ్లు కావాలంటే బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) కీ ఉండాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసిన కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ ఎన్‌క్రిప్షన్ మనకి చెప్పకుండానే ఆన్ అయిపోతోంది. ఆ 48 అంకెల కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో డివైసెస్ కింద ఉంటుంది. ఇవాళే చూసి కాగితం మీద రాసుకోండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ మెషిన్లు పడిపోయినప్పుడు ఈ ఊరి ఐటీ జనానికి ఈ కీ విలువ బాగా తెలిసొచ్చింది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్క ఫైల్ తీసేస్తే పోయేదానికి ముందు ఆ కీ అడిగేది. ఆఫీస్ ల్యాప్‌టాప్ అయితే ఇవేవీ మీరు చేయకండి, ఐటీ వాళ్లకి టికెట్ పెట్టండి.

సిస్టమ్ రిస్టోర్ (విండోస్‌ని వెనకటి స్థితికి తెచ్చేది) ఉంటే ఒకసారి నొక్కి చూడొచ్చు, చాలా మెషిన్లలో అది ఆన్‌లోనే ఉండదు. లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్ (డిస్క్‌లో వేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) ఫైళ్లు తీసుకోవడానికి బాగుంటుంది, తెలిసినవాళ్లకి. మ్యాక్ వాళ్లకి ఈ బాధలు తక్కువ. ఎం1, ఆ తర్వాతివైతే ఆఫ్ చేసి పవర్ బటన్ నొక్కి పట్టుకోండి, పాత ఇంటెల్‌వైతే ఆన్ చేస్తూ కమాండ్, ఆర్ పట్టుకోండి.

పెన్‌డ్రైవ్ చేశాక డ్రాయర్‌లో పడేయకుండా ఒకసారి దాన్నుంచి బూట్ చేసి చూడండి. డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే బూట్ మెనూ వస్తుంది. డిస్క్ ఎంచుకునే స్క్రీన్ దాకా వెళ్లి, మీ ఎస్‌ఎస్‌డీ కనపడుతోందో లేదో చూసి, ఇన్‌స్టాల్ నొక్కకుండా వెనక్కి వచ్చేయండి. కనపడకపోతే డ్రైవర్ ఫోల్డర్ ఆరోజే పెట్టేసుకోండి.