వైటిస్ హెచ్‌ఎల్‌ఎస్ అంచనా రిపోర్టును ఎంతవరకు నమ్మవచ్చు?

నెల్లూరు తీరంలోని హ్యాచరీల కోసం, తొట్టిలోంచి తీసిన రొయ్య సీడును ఫొటోలో లెక్కించే సీ++ ప్రోగ్రామును పింక్-జెడ్2 బోర్డులోని ఎఫ్‌పీజీఏ (మనకు కావలసిన సర్క్యూట్‌గా అమర్చుకోగల చిప్ భాగం) మీదికి మార్చాలనుకున్నప్పుడు, ఆ శ్రమకు తగిన వేగం వస్తుందో లేదో ముందే తెలుసుకోవడానికి సీ++ కోడును హార్డ్‌వేర్ సర్క్యూట్‌గా మార్చే ఏఎండీ వారి సాధనం వైటిస్ హెచ్‌ఎల్‌ఎస్‌ను వాడాను. ఆ మార్పిడి, అంటే సింథసిస్, ముగియగానే అది ఇచ్చే రిపోర్టు గురించే ఈ సమీక్ష.

అందులో ముందుగా చూడవలసింది ఇనిషియేషన్ ఇంటర్వల్, అంటే లూపు ఒక పిక్సెల్‌ను తీసుకున్న తర్వాత మరొకదాన్ని తీసుకోవడానికి పట్టే క్లాకు టిక్కుల సంఖ్య. 640×480 ఫొటోలో 3,07,200 పిక్సెళ్లు ఉంటాయి కనుక, 100 మెగాహెర్ట్జ్ క్లాకుతో ఆ సంఖ్య 1 అయితే ఫొటోకు దాదాపు 3.1 మిల్లీసెకన్లు, 4 అయితే 12.3 మిల్లీసెకన్లు పడుతుంది. అనుకున్న సంఖ్య రానప్పుడు ఏ అర్రేకు మెమరీ పోర్టులు (డేటాను చదివే, రాసే దారులు) చాలలేదో కూడా ఈ సాధనం చెబుతుంది. నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే. నా ప్రోగ్రాములో పిక్సెళ్లను ప్రాసెస్ చేసే ఫిల్టరుకు కావలసిన ఫొటో వరుసలను వేర్వేరు లైన్ బఫర్లలో (ఒక్కో వరుసను దాచే చిన్న మెమరీలలో) పెట్టాలన్న సంగతి అక్కడే తేలిపోయింది.

బోర్డులోని 53,200 ఎల్‌యూటీలలో (చిన్న లాజిక్ గడులు), 220 డీఎస్‌పీలలో (గుణకారాల వంటి లెక్కలు చేసే భాగాలు) ఎన్ని ఖర్చవుతాయన్న అంకెలను మాత్రం ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. అసలు లెక్క, టైమింగ్ ఏఎండీ వారిదే అయిన వివాడో సాధనంలో ప్లేస్ అండ్ రూట్ (సర్క్యూట్ భాగాలను చిప్‌లో అమర్చి కలపడం) జరిగాకే తెలుస్తాయి.

ఫంక్షన్‌ను మాత్రమే సింథసైజ్ చేసినప్పుడు, ప్రాసెసర్ వైపు మెమరీ నుంచి ఫొటో రావడానికి, ఫలితం తిరిగి వెళ్లడానికి పట్టే మొత్తం కాలం ఈ రిపోర్టులో కనిపించదు. ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటాను చేరవేసే 32 బిట్ల డీఎంఏ 100 మెగాహెర్ట్జ్ వద్ద సెకనుకు గరిష్ఠంగా 400 మెగాబైట్లు పంపగలదు, ఆచరణలో అంతకంటే తక్కువే. ఒకే బఫరు ఉంటే రాకపోకల కాలాన్ని గణన కాలానికి కలపాలి. రెండు బఫర్లతో ఆ రెండు పనులూ ఒకేసారి నడిస్తే, వాటిలో ఎక్కువ పట్టేదాన్ని లెక్కలోకి తీసుకుంటే చాలు. ఈ కూడికను కాగితం మీద వేసుకోనిదే రిపోర్టులోని లేటెన్సీని, అంటే పని పూర్తికి పట్టే కాలాన్ని, చూసి నిర్ణయం తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ఈ బోర్డులోని జింక్-7020 చిప్‌కు లైసెన్సు రుసుము లేదు కనుక నెల్లూరు, ఒంగోలు ఇంజనీరింగ్ విద్యార్థులు దీన్ని నిస్సంకోచంగా వాడవచ్చు. అయితే మొదట సాఫ్ట్‌వేర్‌ను ప్రొఫైల్ చేయండి, అంటే ఏ భాగానికి ఎంత సమయం పడుతుందో కొలవండి: ఫిల్టరు పని మొత్తం సమయంలో 60 శాతమే అయితే, దాన్ని ఎంత వేగంగా నడిపినా ప్రోగ్రాము మొత్తం మీద 2.5 రెట్లకు మించి వేగం పెరగదు.