హాన్‌దాన్‌లో ఊలింగ్ రాజు జాడలు

చైనాలో ఒకప్పటి ఝావో రాజ్య రాజధాని హాన్‌దాన్ వెళ్తే, ఊరి శివారులోని పాత మట్టికోటకే ఎక్కువ టైమ్ ఇవ్వండి. చాలామంది ఊరి నడిబొడ్డునున్న త్సోంగ్‌తాయ్ పార్కు చూసి వెనక్కి వచ్చేస్తారు. పార్కు బాగుంటుంది, కాదనను. చెరువు, పక్కనే ఎత్తైన అరుగు, పైన మండపం. సైన్యం విన్యాసాలు చూడటానికి ఝావో రాజు ఊలింగ్ ఈ అరుగు కట్టించాడని చెప్తారు. ఇప్పుడున్న కట్టడం మాత్రం చాలా తర్వాతి కాలంది. గంట చాలు.

ఊలింగ్ క్రీ.పూ. 325 నుంచి 299 దాకా ఏలాడు. ఉత్తరాన గుర్రాల మీద తిరిగే సంచార తెగలు, పక్కలో బల్లెంలా జోంగ్‌షాన్ రాజ్యం. తనవాళ్లవేమో పొడవాటి అంగీలు, బరువైన రథాలు. క్రీ.పూ. 307లో ఆయన తేల్చి చెప్పేశాడు: ఆ తెగల్లాగే పొట్టి చొక్కా, ప్యాంటు వేసుకుని, గుర్రమెక్కి బాణాలు వెయ్యాలని. బాబాయి చెంగ్ ఒప్పుకోక, ఒంట్లో బాగాలేదని కొలువుకు రాలేదు. రాజే ఆయన ఇంటికెళ్లి నచ్చజెప్పాడు. మర్నాడు బాబాయి కొత్త బట్టల్లో సభకొచ్చాడు! క్రీ.పూ. 296కల్లా జోంగ్‌షాన్ కథ ముగిసింది. ఇంత ఓపిగ్గా ఒప్పించిన రాజులు ఎంతమంది ఉంటారు?

ఇది తెలుసుకుని నైరుతి శివారులోని ఆ మట్టికోటకు, అంటే ఝావో రాజకోటకు వెళ్లండి. మూడు కోటలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. రాజభవనం నిలిచిన లోంగ్‌తాయ్ దిబ్బ ఎక్కితే కోట వైశాల్యం అర్థమవుతుంది. గోడ తెగిన చోట దగ్గరికెళ్లి చూడండి: దిమ్మిసతో కొట్టిన మట్టి పొరలు ఒకదానిపై ఒకటి ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. నీడ తక్కువ, నీళ్లు పట్టుకెళ్లాలి. తిరుగు టాక్సీ ముందే మాట్లాడుకుంటే టెన్షన్ ఉండదు.

హాన్‌దాన్ మ్యూజియంలో ఝావో రాజసమాధుల్లో దొరికిన మూడు చిన్న కంచు గుర్రాలున్నాయి. వాటి కోసమైనా వెళ్లాలి. పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి.

బీజింగ్ వెస్ట్ నుంచి హైస్పీడ్ రైలు సుమారు 2 గంటలు. అది ఆగే హాన్‌దాన్ ఈస్ట్ స్టేషన్ ఊరికి దూరం, కాబట్టి బస పార్కు దగ్గర చూసుకోండి. నేను ఆన్‌లైన్‌లో బుక్ చేసిన ఒక హోటల్ విదేశీయులకు గది ఇవ్వమంది, అదీ రాత్రి పూట, లగేజీతో నిలబడ్డాక. ముందే అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి. తర్వాత దొరికిన చోట గది శుభ్రంగా ఉంది, రిసెప్షన్ అమ్మాయి ఫోన్లో అనువాదం పెట్టి మరీ సాయం చేసింది. డబ్బు చెల్లింపంతా అలీపే అనే ఫోన్ యాప్ మీదే నడిచింది. శాకాహారులకు కష్టమే. మాంసం, మాంసం రసం రెండూ వద్దని చైనీస్‌లో రాయించుకున్న చీటీ చూపిస్తేనే సరైన నూడుల్స్ వచ్చాయి.

ఊలింగ్ చనిపోయిన షాచ్యూ పక్క జిల్లాలో ఉంది. క్రీ.పూ. 295లో కొడుకుల మధ్య సింహాసనం గొడవలో, అదే బాబాయి చెంగ్ మనుషులు భవనాన్ని ముట్టడించారు. పిచ్చుక పిల్లల్ని తిని కొన్నాళ్లు బతికి, చివరికి ఆకలితో పోయాడు. ప్రత్యేకంగా కారు మాట్లాడుకుంటే తప్ప అటు వెళ్లొద్దు. ఆ పూట కూడా మట్టికోటకే ఇవ్వండి.