లాగ్‌రొటేట్ రివ్యూ: ఎర్రర్ కరెక్టుగానే చెప్తాది, ఎవరికి చెప్తాదన్నదే గొడవ

మాది పర్లాకిమిడి, గజపతి జిల్లా. ఇక్కడా, కాశీనగరంలో, గుణుపురంలో, ఇటు పాతపట్నంలో షాపులకి బిల్లింగ్ సర్వర్లు పెట్టి చూసుకోడం నా పని. ఎక్కువ డెబియన్ 12 (లినక్స్‌లో ఒక రకం) బాక్సులే, అందులో లాగ్‌రొటేట్ 3.21 వస్తాది. ఫ్రీగా వచ్చేదానికి రివ్యూ ఏటి అనకండి, ఇక్కడ చిన్న సర్వర్ల మీద డిస్క్ నిండిపోకుండా కాపలా కాస్తున్నది ఇదొక్కటే.

పని సింపుల్. పాత లాగ్ (ప్రోగ్రాములు ఏం చేశాయో రాసుకునే ఫైల్) పేరు మార్చి పక్కన పెడతాది, కొత్త ఫైల్ తెరుస్తాది, పాతవాటిని జిప్ చేస్తాది, మనం చెప్పిన లెక్క దాటితే చెరిపేస్తాది. సర్ట్-ఇన్ (కేంద్రం సైబర్ సెక్యూరిటీ సంస్థ) వాళ్లు 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆర్డర్లో లాగులు 180 రోజులు దాచాలన్నారు కదా, దానికి డెయిలీ అని ఒక లైను, రొటేట్ 180 అని ఇంకో లైను, అంతే. ఇంకో మంచి విషయం, డెబియన్లో ఇది సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులు నడిపేది) టైమర్ మీద నడుస్తాది, రాత్రి షట్టర్ దించినప్పుడు సర్వర్ కూడా ఆపేసే షాపులు మా దగ్గర బోలెడు, పన్నెండింటికి మెషిన్ ఆఫ్‌లో ఉన్నా పొద్దున్న ఆన్ చేయగానే మిస్సయిన రన్ చేసేస్తాది. వాడకం వరకూ వంక పెట్టడానికి లేదు.

గొడవంతా ఎర్రర్ వచ్చినప్పుడే. గుణుపురం నుంచి ఓనరు ఫోను, "బాబూ, బిల్లు రావట్లేదు, ఏదో ఇంగ్లీషులో పడతంది" అని, కౌంటర్లో కుర్రాడికి ఫోన్ ఇస్తే వాడు ఎన్ ఓ, ఎస్ పి ఏ సి ఈ అని అక్షరం అక్షరం చదువుతున్నాడు. నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్ అన్నమాట. లోపలికి వెళ్లి డీఎఫ్ (డిస్క్ ఎంత నిండిందో చెప్పే కమాండ్) కొడితే 100%, లాగ్ ఫోల్డర్ మీద డీయూ (ఫోల్డర్ సైజు చెప్పేది) కొడితే అందులో సగం కూడా లెక్క తేలదు. ఇలా రెండు లెక్కలు తేడా వస్తే నేరుగా ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ ఎల్1 కొట్టండి, చెరిపేసినా ఇంకా ఏదో ప్రోగ్రామ్ పట్టుకుని కూర్చున్న ఫైళ్లు చూపిస్తాది. లాగ్‌రొటేట్ తన పని తను చేసింది, పాత ఫైల్ జిప్ చేసి ఒరిజినల్ తీసేసింది, కానీ బిల్లింగ్ యాప్‌కి ఎవరూ చెప్పలేదు, అది చచ్చిన ఫైల్లోకే రాసుకుంటూ పోయింది. పోస్ట్‌రొటేట్‌లో (తిప్పాక ఏం చేయాలో కాన్ఫిగ్‌లో రాసే చోటు) యాప్‌కి రీలోడ్ సిగ్నల్ ఇవ్వడమే సరైన మందు. యాప్ సిగ్నల్ వినే రకం కాకపోతే కాపీట్రంకేట్ (లాగ్ కాపీ తీసి అసలుది అక్కడే ఖాళీ చేసేది) పెట్టొచ్చు, చాలామంది అదే పెట్టమంటారు, నాకు మాత్రం ఇష్టం లేదు, కాపీకీ ఖాళీ చేయడానికీ మధ్యలో పడ్డ లైన్లు పోతాయి, పైగా కాపీ చేయడానికి డిస్క్‌లో అంత చోటు ఉండాలి, చోటు లేకే కదా మనం ఏడుస్తున్నది.

ఇక అందరికీ తగిలేది పర్మిషన్ ఎర్రర్. ఫలానా లాగ్‌ని స్కిప్ చేస్తున్నాను, పేరెంట్ డైరెక్టరీ హ్యాజ్ ఇన్‌సెక్యూర్ పర్మిషన్స్ అంటాది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చినోళ్లు లాగ్ ఫోల్డర్‌కి 775 కొట్టి ఇచ్చారు, అంటే గ్రూపులో ఎవడైనా అందులో రాయొచ్చు. లాగ్‌రొటేట్ నడిచేది రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా), అలాంటి ఫోల్డర్లో ఎవడో లాగ్ ఫైల్ తీసి దాని చోట సింలింక్ (ఇంకో ఫైల్‌కి దారి చూపేది) పెడితే రూట్ పవర్ వెళ్లి ఇంకెక్కడో రాస్తాది, అందుకే ముట్టుకోను అంటాది, న్యాయమే. మందు కూడా ఆ మెసేజ్‌లోనే రాసుంటాది, కాన్ఫిగ్‌లో ఎస్‌యూ అని పెట్టి యూజర్ పేరు, గ్రూప్ పేరు ఇవ్వమని. ఇంత శుభ్రంగా రోగమూ మందూ కలిపి చెప్పే కమాండ్ లైన్ టూల్స్ తక్కువ. తిరకాసు ఎక్కడంటే, సుడో (రూట్‌గా నడిపేది) లేకుండా డాష్ డి (ఉత్తుత్తి రన్) పెట్టి టెస్ట్ చేస్తే ఈ ఎర్రర్ రాదు, ఆ చెక్ రూట్‌గా నడిచినప్పుడే చేస్తాది, చూసినోడు అంతా బాగుంది అనుకుని లేచి వెళ్లిపోతాడు. ఉబుంటు (ఇంకో రకం లినక్స్) వాళ్లు మెయిన్ కాన్ఫిగ్‌లోనే ఎస్‌యూ రూట్ ఏడీఎం అని పెట్టి ఇస్తారు కాబట్టి ఇదే సెటప్ అక్కడ వేరే రాగం తీస్తాది, ఒకదాని కాన్ఫిగ్ తెచ్చి ఇంకోదాంట్లో పేస్ట్ చేసేవాళ్లు జాగ్రత్త.

అన్నిటికన్నా జుట్టు పీక్కునేది రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్ అనే ఎర్రర్. చేత్తో సుడో పెట్టి డాష్ ఎఫ్ (బలవంతంగా తిప్పించేది) కొడితే చక్కగా రొటేట్ అవుతాది, రాత్రి టైమర్ నడిపితే మాత్రం ఫెయిల్. ఇది చూసి డిస్క్ పోయిందని కొత్త ఎస్‌ఎస్‌డీ కొనిపించేవాళ్లుంటారు, కొనకండి బాబూ. డెబియన్ సర్వీస్ ఫైల్లో ప్రొటెక్ట్‌సిస్టమ్ ఈక్వల్స్ ఫుల్ అని ఒక లైను ఉంటాది, దానివల్ల ఆ సర్వీస్‌కి యూజర్ (/usr), బూట్, ఎట్సీ ఫోల్డర్లు మూడూ చదవడానికే తప్ప రాయడానికి ఉండవు. ఈ బిల్లింగ్ యాప్ కూర్చున్నది యూజర్ లోకల్ (/usr/local)లో, లాగులు కూడా అక్కడే. మన షెల్‌కి ఆ కట్టుబాటు లేదు కాబట్టి చేత్తో చేస్తే అవుతాది. లాగుల్ని వార్ లాగ్ (/var/log) కిందకి మార్చడం మంచిది, యాప్ ఒప్పుకోకపోతే సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ కొట్టి రీడ్‌రైట్‌పాత్స్‌లో ఆ ఫోల్డర్ ఇవ్వండి. అందుకే టెస్ట్ ఎప్పుడూ సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ లాగ్‌రొటేట్ అని సర్వీస్ ద్వారానే చేయండి, డాష్ డి నమ్ముకోకండి.

కరెంటు సంగతి చెప్పక్కర్లేదు, 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఈ జిల్లా ఎలాగయిందో అందరికీ తెలుసు, మామూలు ఈదురుగాలికి కూడా పోతాది. యూపీఎస్ బ్యాటరీ చచ్చిన పాత బాక్సుల్లో అప్పుడప్పుడు బ్యాడ్ లైన్ ఇన్ స్టేట్ ఫైల్ అని వస్తాది. వార్ లిబ్ లాగ్‌రొటేట్ లోపల స్టేటస్ అనే ఫైల్ ఉంటాది, ఏ లాగ్ ఎప్పుడు తిప్పిందో అందులోనే రాసుకుంటాది. దాన్ని వేరే పేరుకి మార్చేసి మళ్లీ నడిపితే కొత్తది తనే రాసుకుంటాది. డెయిలీ లాగులు ఆ రోజు తిరగవు, లెక్క ఆ రోజు నుంచే మొదలవుతాది, కంగారు పడి మళ్లీ మళ్లీ కొట్టకండి.

నాలుగు స్టార్లు. ఒకటి ఎందుకు కోశానంటే, ఇన్ని మంచి మెసేజులూ వెళ్లి జర్నల్‌లో (సిస్టమ్‌డీ సొంత లాగులో) పడుకుంటాయి. ఒక లాగ్ స్కిప్ అయినా మిగతావన్నీ తిరుగుతూనే ఉంటాయి కాబట్టి పైకి ఏమీ తెలీదు, జర్నల్‌సీటీఎల్ డాష్ యూ లాగ్‌రొటేట్ అని అడిగితే మాత్రం నెలల తరబడి అదే ఎర్రర్ రోజూ రాత్రి పన్నెండు దాటాక వరసగా కనబడతాది. షాపు ఓనరు జర్నల్ చూస్తాడా ఏటి? నేనైతే సర్వీస్‌కి ఆన్‌ఫెయిల్యూర్ (ఫెయిలైతే ఇది నడుపు అని చెప్పే లైను) తగిలించి నా టెలిగ్రామ్‌కి మెసేజ్ వచ్చేలా చిన్న స్క్రిప్ట్ పెట్టుకున్నాను, ఇప్పుడు పొద్దున్న టీ తాగే టైముకి ఏ బాక్స్ మొరాయించిందో తెలిసిపోతంది. ఆ పాటి ఏర్పాటు వాళ్లే పెట్టి ఇచ్చుంటే ఐదూ ఇచ్చేవాణ్ణి.