చిన్న పెరటికి ట్రాయ్-బిల్ట్ టీబీ30

అమెరికా శివారు కాలనీలలో పావు ఎకరం, అంటే సుమారు 10,900 చదరపు అడుగుల స్థలంలో, ఇల్లూ కారుదారీ పోగా మిగిలే పచ్చికకు తోసుకుంటూ నడిచే మోవరే, అంటే గడ్డి కోసే యంత్రమే, చాలునని నా స్పష్టమైన అభిప్రాయం. అర ఎకరం దాకా ఉన్నవారికీ, మోకాళ్ల నొప్పులతో ఎండలో నడవలేని పెద్దవారికీ మాత్రం ట్రాయ్-బిల్ట్ టీబీ30 వంటి, కూర్చుని నడిపే చిన్న రైడింగ్ మోవర్ నిజంగా ఉపయోగపడుతుంది.

దీని ప్రధాన బలం 30 అంగుళాల డెక్, అంటే గడ్డి కోసే బ్లేడు ఉండే అడుగు భాగం. చాలామంది ఆలోచించకుండా ఎంచుకునే 42 అంగుళాల డెక్ ఉన్న గడ్డి కోసే ట్రాక్టరు 36 అంగుళాల పెరటి గేటులో పట్టదు. అందువల్ల గేటు వెడల్పునూ, షెడ్డులోని చోటునూ టేపుతో కొలిచి చూసుకోవడం ఇంజను శక్తిని పోల్చుకోవడం కన్నా ముఖ్యం. 382 సీసీ ఇంజను ఈ పనికి ధారాళంగా సరిపోతుంది. వేగాలు ఆరు ఉన్నప్పటికీ, చెట్ల పాదుల చుట్టూ మాటిమాటికీ లివరు మార్చవలసి రావడం విసుగు కలిగిస్తుంది కనుక, చెట్లు ఎక్కువగా ఉన్నవారు లివరుతో గేర్లు మార్చనక్కరలేని హైడ్రోస్టాటిక్ గేరు ఉన్న కబ్ కేడెట్ సీసీ30హెచ్‌ను పరిశీలించడం మేలు.

వాలు 15 డిగ్రీలు మించిన పెరటికి ఏ రైడింగ్ మోవరూ తగదు. మనవలు ఎంత ముచ్చటపడినా వారిని ఒడిలో కూర్చోబెట్టుకుని నడపకూడదు, యంత్రం నడుస్తున్నంతసేపూ వారిని ఇంట్లోనే ఉంచాలి. ఇథనాల్ 10 శాతం మించిన పెట్రోలు పోయరాదు. చలికాలానికి ముందు బ్యాటరీని విప్పి లోపల భద్రపరచాలి.