మ్యూజియంలో చరిత్ర ఆడాలంటే ఏది మేలు: ఏకపాత్రా, బుర్రకథా, తోలుబొమ్మలాటా?

నాగార్జునసాగర్ జలాశయం నడుమ దీవిలో ఉన్న నాగార్జునకొండ మ్యూజియానికి వచ్చేవాళ్లు తిరుగు లాంచీ టైము చూసుకుంటూనే లోపలికి అడుగుపెడతారు. అంత తొందరలో ఉన్నవాళ్లకు ఒకప్పుడు ఇక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజుల కాలాన్ని చూపించే ఆట ఎలాంటిదై ఉండాలి? ఆట అయ్యాక జనం శాసనమున్న రాయి దగ్గరికి వెళ్లారా, సెల్ఫీ కోసం నటుల దగ్గరికి వెళ్లారా అన్నదే ఇక్కడ అసలు పరీక్ష.

కథకు ఇక్ష్వాకుల ఆడపడుచు చాంతిసిరిని మించిన మనిషి లేదు. మూడో శతాబ్దంలో తోడబుట్టిన చాంతమూల మహారాజు అశ్వమేధం చేస్తే, ఆమె బౌద్ధుల మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం, కట్టించింది. మేనల్లుడు వీరపురుషదత్తుడు రాజైన ఆరో ఏడు అది పూర్తయిందని శాసనాలు చెబుతున్నాయి. ఒకే ఇంట్లో యజ్ఞమూ స్తూపమూ! నాటకానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఏకపాత్రాభినయానికి ఒక నటి, శాసన స్తంభం ముందు నాలుగు అడుగుల చోటు ఉంటే సరిపోతుంది. ఏడు నిమిషాలకు 600 మాటలు మించకుండా రాసుకోవాలి. చూసేవాళ్లు 25 మంది దాటితే వెనకవాళ్లకు రాయి కనబడదు. నటి రాయికి పక్కన, కనీసం మూడడుగుల దూరంలో నిలబడాలి, దాన్ని ముట్టుకోకూడదు. దీపం, అగరొత్తి, కుంకుమ లోపలికి తేవద్దు. ఎక్కువగా తప్పు జరిగేది వేషం దగ్గరే. టీవీ పౌరాణికాల కిరీటం, జరీ పట్టుచీర, వెల్వెట్ జాకెట్టు తొడిగి పంపుతారు. పక్కనే ఉన్న శిల్పాల్లో ఆడవాళ్లకు బరువైన గాజులు, కడియాలు, మొలనూలు కనిపిస్తుంటే ఇంకెక్కడో వెతకడం దేనికి? భాష కూడా అంతే. గ్రాంథికం దంచితే పిల్లలు రెండో నిమిషానికే జారుకుంటారు.

బుర్రకథ బలం వేరు. హాస్యం చెప్పే వంత ఉన్నాడు చూడండి, జనం మనసులో ఉన్న ప్రశ్న అతనే అడుగుతాడు: "తోడబుట్టినవాడు యాగం గుర్రాన్ని వదిలితే, ఈమె స్తూపం కట్టడమేంటి?" కానీ గ్యాలరీలో గుమ్మెటల మోతకు గోడలు మారుమోగి మాట తెలియకుండా పోతుంది. పైగా ప్రార్థన, తందాన ముగిసి కథ ఊపందుకునేసరికే అయిదు నిమిషాలు. దాన్ని పదికి కుదిస్తే చచ్చిపోతుంది. కనీసం ఇరవై అయిదు నిమిషాలు ఇవ్వగలిగితేనే పిలవండి, ఆరుబయటే పెట్టండి. జలాశయం ముంపు నుంచి తప్పించి, ఒడ్డున అనుపు అనే చోట తిరిగి కట్టిన ప్రాచీన రంగస్థలం ఇలాంటి ఆటకే పుట్టినట్టుంటుంది. అయితే రక్షిత కట్టడం గనుక కేంద్ర పురావస్తు శాఖ అనుమతి రాతపూర్వకంగా ముందే తీసుకోవాలి.

తోలుబొమ్మలాటకు చీకటి గది, తెల్లటి తెర, వెనక గట్టి వెలుగు కావాలి. శిల్పాలున్న గదిని చీకటి చేస్తే చూడవలసినవే కనబడవు. ఇంకో చిక్కు, బృందాల దగ్గర ఉండేవి ఎక్కువగా రామాయణ భారతాల బొమ్మలు. సీత బొమ్మనే చాంతిసిరిగా ఆడిస్తే పిల్లలకు సీతే కనిపిస్తుంది. తోలుబొమ్మలకు పేరున్న నిమ్మలకుంట కళాకారుల చేత కొత్త బొమ్మ చేయించాలంటే తోలు గీకి, ఆరబెట్టి, చెక్కి, రంగులద్దాలి, దానికి వారాల ముందే చెప్పుకోవాలి. బడిపిల్లలు వచ్చే రోజున వేరే హాల్లో పెట్టుకుంటే మాత్రం దీనికి సాటి లేదు.

రోజూ నడిపేదానికి మా ఓటు ఏకపాత్రకే. బుర్రకథ సెలవు రోజుల సాయంత్రాలకు ఉంచండి. ఏకపాత్ర ఏది రాయించినా చివరి అర నిమిషం ఇలా ఉండనివ్వండి: నటి శాసనంలో 'మహాచేతియ' (మహాచైత్యం) అన్న మాటను పాత బ్రాహ్మీ లిపిలో అక్షరం అక్షరం దూరం నుంచే చూపిస్తూ చదవాలి, రెండోసారి జనం చేత చదివించాలి, వాళ్లు ఇంకా రాయి వైపు చూస్తుండగానే పక్క తలుపు గుండా వెళ్లిపోవాలి.