కాలినడకన తిరిగితేనే తెలిసే వేటభూములు: మాన్‌స్టర్ హంటర్ యాత్రానుభవాలు

మృగాలను వేటాడే మాన్‌స్టర్ హంటర్ వీడియో గేమ్‌ల గురించి మాట్లాడేటప్పుడు ఆయుధాలనూ మృగాలనూ తలచుకున్నంతగా అక్కడి అడవులనూ గుడారాలనూ ఎవరూ తలచుకోరు. విజయవాడ నుంచి నేనూ మా తమ్ముడూ, గుంటూరు నుంచి ఆన్‌లైన్‌లో మాతో చేరే మా బావా ఈ ఆటల్లో తిరిగిన చోట్లను, దిగిన బసలను, అందిన సౌకర్యాలను ఇక్కడ బేరీజు వేస్తున్నాను. వేటలో సగం పని దారి తెలుసుకోవడంలోనే ఉందన్నది ఇన్ని చోట్లు తిరిగాక నాకు కుదిరిన నమ్మకం.

మొదటగా చెప్పవలసింది ‘వరల్డ్’ అనే ఆటలోని ఏన్షియంట్ ఫారెస్ట్ అనే అడవి గురించి. 2004లో వచ్చిన తొలి ఆటలో ప్రతి ప్రాంతమూ అంకెలు వేసిన ముక్కలుగా ఉండేది. ఒక ముక్క దాటి మరొక దానిలోకి అడుగుపెట్టిన ప్రతిసారీ లోడింగ్ కోసం ఆగవలసి వచ్చేది. 2018లో కాప్‌కామ్ విడుదల చేసిన ‘వరల్డ్’లో ఆ అడ్డుగోడలు పోయి అడవి ఒకటే అడవి అయింది. నేల మీద పాదముద్రలు, చెట్ల బెరడు మీద గోళ్ల గీతలు, రాళ్లకు అంటిన జిగురు వెతుక్కుంటూ వెళ్తుంటే, స్కౌట్‌ఫ్లైస్ అనే మిణుగురులు ముందు నడిచి జాడ చూపిస్తాయి. అలా జాడలు సేకరించినకొద్దీ ఆ మృగం గురించిన పరిజ్ఞానం పెరిగి, చివరకు మిణుగురులు నేరుగా దాని దగ్గరికే తీసుకుపోతాయి. అడవి శిఖరాన రాథలోస్ అనే ఎగిరే మృగం గూడు ఉంది. ఆ పక్కనే నీళ్లు నిలిచిన సహజమైన ఆనకట్ట ఒకటి ఉంది. మృగం కిందుగా ఉన్న సమయం చూసి దానిని పగలగొడితే, వరద మృగాన్ని కొండ మీది నుంచి కిందికి తోసేస్తుంది. ఈ సంగతి పటం చూసినవారికి తెలియదు, ఆ మలుపుల్లో తిరిగినవారికే తెలుస్తుంది. దెబ్బలు తిన్న మృగం కుంటుతూ నిద్రకు గూటికి చేరేవేళ, అడ్డదారి తెలిసిన వేటగాడు దానికంటే ముందే అక్కడ ఉంటాడు.

బసల విషయంలోనూ ‘వరల్డ్’ పద్ధతే నాకు నచ్చింది. కొన్ని శిబిరాల స్థలాలను మనమే కనిపెట్టాలి, ఆ తరువాత అడిగిన సామగ్రి తెచ్చి ఇస్తేనే అక్కడ గుడారం వెలుస్తుంది. గుడారంలో ఆయుధాలు మార్చుకోవచ్చు, పెట్టెలోని మందులు నింపుకోవచ్చు, భోజనమూ చేయవచ్చు. వేటగాళ్ల స్థావరమైన అస్టెరాలోని వంటశాలలో పిల్లి వంటవాడు పెట్టే భోజనం ప్రాణశక్తినీ స్టామినానూ పెంచుతుంది. బయట తిరిగి కొత్త దినుసులు కనిపెట్టినకొద్దీ ఆ వంటకాల జాబితా కూడా పెరుగుతుంది.

అన్నిటిలోకీ నేను ఎక్కువ కాలం గడిపిన జంట ‘వరల్డ్’లోనే ఉన్న కోరల్ హైలాండ్స్, రాటెన్ వేల్ అనే ప్రాంతాలు. పైన పగడాల మధ్య ఎగసే గాలితో పాటు మనమూ ఎగరగలం. అక్కడ చచ్చిన జీవాలు కిందనున్న రాటెన్ వేల్‌లో పడి కుళ్లి, మరో లోకానికి ఆహారమవుతాయి. కింద కమ్ముకున్న విషవాయువు మన ప్రాణశక్తిని హరిస్తుంది, అక్కడి జీవాలను మరింత ఉగ్రంగా మారుస్తుంది. ఈ రెండింటినీ వరుసగా చూసినవారికే ఆ సంబంధం అర్థమవుతుంది. విహారానికి రాటెన్ వేల్ సుఖమైన చోటు కాదు, అయినా చూడకుండా రావద్దని గట్టిగా చెబుతాను. వైల్డ్‌స్పైర్ వేస్ట్‌లో ఎడారీ బురదనేలా ఉన్నాయి, ఒక్కసారి చూస్తే చాలు.

‘వరల్డ్’కు 2019లో వచ్చిన ‘ఐస్‌బోర్న్’ విస్తరణలోని హోర్‌ఫ్రాస్ట్ రీచ్ అనే మంచు ప్రాంతంలో చలికి స్టామినా త్వరగా తరిగిపోతుంది, హాట్ డ్రింక్ తాగక తప్పదు. దానికి కావలసిన మిరపకాయలు ఆ మంచులోనే కాస్తాయి. గుంటూరువాడైన మా బావ ఆ మొక్క కనిపించిన చోటల్లా ఆగి కాయలు కోసుకున్న తరువాతే కదిలేవాడు.

2021లో వచ్చిన ‘రైజ్’లో మృగాలు ఎక్కడున్నాయో పటం మీద ముందే కనిపిస్తాయి, స్వారీకి పాలమ్యూట్ అనే కుక్క ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ‘వైల్డ్స్’లో సేక్రెట్ అనే వాహనపక్షి తనంతట తానే గమ్యానికి మోసుకుపోతుంది. సౌకర్యానికి లోటు లేదు: దాని మీద కూర్చునే కత్తి నూరుకోవచ్చు, మందు తాగవచ్చు. అయితే ఇంద్రకీలాద్రి మీదికి ఘాట్ రోడ్డున బస్సులో వెళ్లినవారికి అమ్మవారి దర్శనం దొరికినా, కొండ తెలిసేది మెట్లదారిన ఎక్కినవారికే. ఈ పక్షి స్వారీ కూడా అలాంటిదే. ఆ ఆటలోని విండ్‌వర్డ్ ప్లెయిన్స్ అనే ప్రాంతంలో పిడుగుల తుపాను వెళ్లిపోయి నేలంతా జీవంతో నిండే కాలం వచ్చినప్పుడు, దిగి నడవకపోతే ఆ మార్పు కళ్ల ముందే దాటిపోతుంది. మనం వేసుకునే శిబిరాలను మృగాలు ధ్వంసం చేయవచ్చు కనుక, స్థలం ఎంత సురక్షితమో చూసి గుడారం వేయాలి. ఈ ఒక్క ఏర్పాటు మాత్రం అన్వేషణకు మళ్లీ విలువ తెచ్చింది.

కొత్తగా మొదలుపెట్టేవారు ‘వరల్డ్’తోనే మొదలుపెట్టి, గడువు ఉండే క్వెస్టులకు (అప్పగించిన వేటలకు) ముందు గడువు లేని ఎక్స్‌పెడిషన్లకు (స్వేచ్ఛగా తిరిగే యాత్రలకు) వెళ్లండి. గంట లెక్కన డబ్బు కట్టే గేమింగ్ సెంటర్లు ఇలాంటి తిరుగుడుకు పనికిరావు. మేము వెళ్లిన ఒకచోట కుర్చీలూ తెరలూ బాగానే ఉన్నా, గడియారం చూసుకుంటూ జాడలు వదిలేసి మృగం మీదికి పరుగెత్తవలసి వచ్చింది. కన్సోల్ ఉన్న స్నేహితుడి ఇంట్లో కూర్చుంటే ఆ ఇబ్బంది ఉండదు.