కోటసారస్‌ను వెతుక్కుంటూ ప్రాణహిత ఒడ్డుకు

హైదరాబాద్‌లో బిర్లా మందిర్ పక్కనే ఉన్న సైన్స్ సెంటర్ డైనోసారియంలో కోటసారస్ అనే పొడుగు మెడ డైనోసార్ అస్థిపంజరం కింద నిలబడి మా అమ్మాయి అడిగింది: "నాన్నా, ఇది మన తెలంగాణదేనట కదా. ఎక్కడ దొరికిందో అక్కడికి పోదామా?" ఎనిమిదో తరగతి పిల్ల. ఆ అడగడంలోనే జనవరిలో మూడు రోజుల ప్రయాణం ఖాయమైపోయింది.

ముందు ఆ హాలు గురించి చెప్పాలి. ఎటైనా బయలుదేరే ముందు అక్కడ కనీసం గంటసేపు గడపండి. భారత భూగర్భ సర్వే సంస్థ వాళ్లు ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో 1970లలో తవ్వి తీసిన ఎముకలు దాదాపు 840. కనీసం 12 జంతువులవి. 1988లో పి. యాదగిరి గారు దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. యామన్‌పల్లి అనే మన పల్లె పేరు, ఆ ఎముకలున్న రాతిపొరకు పేరిచ్చిన కోట అనే ఊరి పేరు రెండూ అందులో ఉన్నాయి. తల మాత్రం దొరకలేదు, రెండు పళ్లు దొరికాయి. మనం చూసే తల ఊహించి చేసినది. ఈ సంగతి చెబితే మా అమ్మాయికి ఆసక్తి రెట్టింపైంది.

సికింద్రాబాద్ నుంచి మంచిర్యాలకు రైలులో నాలుగు గంటలు. బస అక్కడే పెట్టుకోవడం మంచిది. చెన్నూరు దాటాక కుటుంబంతో ఉండటానికి వీలైన గదులు తక్కువ. మేము స్టేషన్ దగ్గర ఓ లాడ్జిలో దిగాం. ఫోన్లో వేడినీళ్లున్నాయన్నారు, తీరా చూస్తే బకెట్‌కు యాభై అడిగారు, అదీ అరగంట ఆలస్యంగా. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి సర్దుకున్నాం. జనవరి చలిలో పిల్లలతో వెళ్లేవాళ్లు ఈ విషయం ముందే గట్టిగా అడగాలి. కారు మాత్రం రోజు లెక్కన మాట్లాడుకోండి. బస్సులను నమ్ముకుంటే ఒక్క చోటు చూసేసరికే పొద్దు గూకుతుంది.

మా డ్రైవర్‌ది చెన్నూరు దగ్గరి పల్లె. "రాకాసి బొక్కలేనా సార్? మా తాత చెప్తుండె" అన్నాడు. మా వైపు ఎముకను బొక్క అనే అంటాం. ఆ మాట వినగానే లోపల ఏదో కదిలింది.

దారిలో అక్కడక్కడా ఎర్రటి బంకమట్టి నేలలు కనిపిస్తాయి. శాస్త్రవేత్తలు మలేరి పొర అనేది ఇలాంటి ఎర్రమట్టినే. అది ట్రయాసిక్ కాలం నాటిది, ఇరవై కోట్ల ఏళ్ల కంటే పాతది. పక్షిముక్కులాంటి మూతి ఉన్న హైపరోడాపెడాన్ అనే సరీసృపం ఎముకలు అందులో దొరికాయి. దాని దగ్గరి బంధువులు, అదే హైపరోడాపెడాన్ పేరున్నవి, స్కాట్లాండ్‌లో, బ్రెజిల్‌లో కూడా దొరికాయి. అప్పటికి ఖండాలు విడిపోలేదు కదా, నడిచే వెళ్లి ఉంటాయి. 2011లో పేరు పెట్టిన నంబాలియా కూడా ఈ మలేరి పొరదే. అది పొడుగు మెడ డైనోసార్ల పూర్వబంధువు, కాస్త చిన్న శరీరం ఉన్న జంతువు.

ఆ మట్టి మీద ఇంకా పేరుకున్న కొత్త పొరల్లో, ప్రాణహిత పక్కన, కోటసారస్ వస్తుంది. నాకు ఈ యాత్రలో అన్నిటికంటే విలువైనది ఇదే. ఒకే లోయలో, కారులో ఒక్క రోజు తిరిగే దూరంలో, పొడుగు మెడ డైనోసార్ల వంశం ఎలా పెరిగిందో కనబడుతుంది. కోటసారస్ కాళ్లు బరువు మోసే స్తంభాల్లా నిటారుగా మారిపోయాయి. నడుము దగ్గరి ఎముక మాత్రం ఇంకా పాత పద్ధతిలోనే, పొట్టిగా ఉంది. ఒంట్లోని భాగాలన్నీ ఒక్కసారిగా మారవని ఆ నడుము చెబుతుంది. పాఠంలో ఎన్నిసార్లు చదివినా నాకిది ఇంత స్పష్టంగా అర్థం కాలేదు.

ఇదే కోట పొరలో మట్టిని కడిగి, జల్లెడ పట్టి తీసిన చిన్న చిన్న పళ్లు కూడా ఉన్నాయి. కోటథీరియం లాంటి తొలి పాలిచ్చే జంతువులవి. ఎలుకంత ప్రాణులు ఆ రాక్షస పాదాల మధ్య తిరిగాయి. మన వంశం అటువైపుదే.

వేమనపల్లి వైపు ఒడ్డున నిలబడితే చూడటానికి ప్రత్యేకంగా ఏమీ ఉండదు. ఇసుక, సన్నగా పారే నీళ్లు, అవతల మహారాష్ట్ర. ఎముకలు కళ్లకు కనిపిస్తాయని ఆశపడి వెళ్లకండి. ఏ రాయి దొరికినా ఇంటికి తేవద్దు. ఏ పొరలో ఉందో తెలియకుండా పోతే ఆ ఎముక చెప్పే కథ సగం పోతుంది.

చెన్నూరు నుంచి వంతెన మీదుగా సిరోంచ వెళ్లాం. అక్కడ బజారులో తెలుగే వినిపిస్తుంది. దగ్గర్లోని వడధం ఫాసిల్ పార్కులో రాళ్లుగా మారిన చెట్ల మొద్దులు ఉన్నాయి. పిల్లలకు ఇదే నచ్చుతుంది, చేత్తో తాకి చూడొచ్చు. సిరోంచ తాలూకా పోచంపల్లి దగ్గర 1960 ప్రాంతంలో బరపాసారస్ అనే మరో పొడుగు మెడ డైనోసార్ దొరికినప్పుడు, ఎముకలతో పాటు ఇలాంటి పెద్ద మొద్దులు కూడా ఉన్నాయి. వరదలో కొట్టుకొచ్చి ఉంటాయని అంచనా. దాదాపు మూడు వందల ఎముకలు, కనీసం ఆరు జంతువులవి. దానికీ పుర్రె లేదు.

"మళ్లీ తల లేదా నాన్నా?" అంది మా అమ్మాయి. పుర్రె ఎముకలు పలచన, మెడ నుంచి త్వరగా ఊడిపోతాయి, నీళ్లలో ముందుగా పోయేవి అవే అని చెప్పాను. కాసేపు నది వైపు చూసి, "అయితే ఇంకా ఇక్కడే ఎక్కడో ఉండొచ్చు" అంది.

తిరుగు దారి కాళేశ్వరం మీదుగా పెట్టుకుంటే సంగమ స్నానం, ఒకే పానవట్టం మీద రెండు లింగాల దర్శనం కూడా అయిపోతాయి. గుడి దగ్గర భోజనం ఈ మూడు రోజుల్లో తిన్నవాటిలో మేలు. అక్కడి నుంచి భూపాలపల్లి, వరంగల్ మీదుగా రాత్రికల్లా ఇల్లు చేరాం. ఎండాకాలంలో మాత్రం వెళ్లొద్దు, ఆ రాళ్ల మీద నిలబడలేరు.

బరపాసారస్ ఎముకలు ఇప్పుడు కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఉన్నాయి. దసరా సెలవులకు టికెట్లు చూస్తున్నాను.